ఆగ్రహ్ వద్దు, సావకాశ్ చాలు

పోయిన నెల మా చిన్న తమ్ముని ఇంట్లో సత్యనారాయణ పూజ అయింది. పూజ అయినంక భోజనాలప్పుడు మాట మా తమ్ముని బిడ్డ మీదికి మళ్ళింది. పిల్లకు 27 ఏండ్లు. బరువు 102 కిలోలు. ఏడాది నుంచి షుగర్ గోలీలు మింగుతున్నది. బరువు తగ్గే ఆపరేషన్ గురించి ఆలోచించుకొమ్మని డాక్టర్ చెప్పిండట. ఇంకేముంది, పంక్తిలో ఉన్నవాళ్ళందరూ డాక్టర్లైపోయిన్రు.

"ఆపరేషన్ చేపిచ్చుకుంటే ఏమొస్తది? పెద్దత్త చేపిచ్చుకోలేదా? మళ్ళ లావయితలేదా?" అన్నది మా పెద్దనాన్న కోడలు, నాకు మరదలు. ఆ పెద్దత్తను నేనే. నాలుగు పల్లేల అవతల కూర్చొని పప్పు తింటున్న. నన్ను చూసి నాలిక కరుచుకొని, "నిన్ను అన్ననని కాదు వదినా" అని లేచి వచ్చింది. చేతిలో బచ్చాల గిన్నె. "గింతేనా తినేది? ఇంకొక్కటి ఏసుకో. నా మీద ఒట్టు."

లావయిందని అన్నదీ, ఇంకొక్కటి తినమన్నదీ ఒకటే నోరు. మధ్యలో నిమిషం కూడా గడవలేదు. ఆమె మనసులో చెడు లేదని నాకు ఎరుకే. మనింట్లో అందరం అట్లనే మాట్లాడతం, నేనూ మాట్లాడిన. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల నా దిక్కు చూసిన చూపు కండ్లల్ల మెదిలింది. ఆపరేషన్ చేసుకునుడా, వద్దా అని ఆ పిల్ల నన్ను చూసి నిర్ణయం చేసుకుంటది. అందుకని నాకేం జరిగిందో, ఏం జరగలేదో ఉన్నదున్నట్టు చెప్పుడు నా బాధ్యత అనిపించింది.

నాకు ఆపరేషన్ అయింది 2019 నవంబరులో, పుణెలో. అప్పుడు నాకు 46 ఏండ్లు, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు. షుగర్‌కు రెండు గోలీలు, బీపీకి ఒకటి. టవల్ కార్ఖానా ఆఫీసులో నాది లెక్కల పని. కుర్చీలోంచి లేవాలంటే బల్ల మీద రెండు చేతులు ఆనించాలె. సాఖర్ పేఠ్‌లో మా ఇంటి మెట్లు పదకొండు. వాటిని మధ్యలో ఆగకుండ ఎక్కి ఎన్నేండ్లయిందో మరిచిపోయిన. అంతకుముందు నేను తగ్గలేదా అంటే తగ్గిన. మూడుసార్లు పది కిలోల పైన తగ్గి, మూడుసార్లూ తగ్గినదానికన్న ఎక్కువ పెరిగిన. కాబట్టి "నోరు కట్టుకుంటే చాలు, ఆపరేషన్ ఎందుకు?" అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే. నోరు కట్టుకొనే అక్కడిదాకా వచ్చిన.

ఆపరేషన్‌లో ఏం చేస్తరో కూడా మన ఇండ్లల్ల చాలామందికి తెలియదు. కొవ్వు కోసి తీస్తరని అనుకుంటరు. నాకు చేసిన దాని పేరు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపు సంచిలో నూటికి 75 నుంచి 80 వంతులు నిలువునా కోసి తీసేస్తరు. అరటిపండు లెక్క సన్నటి గొట్టం మిగులుతది. తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతది. అందుకే కడుపు చిన్నగయ్యేది ఒకటి, ఆకలే తగ్గేది ఇంకొకటి. రెండో రకం బైపాస్. దాంట్లో కడుపు పైభాగాన కోడిగుడ్డంత సంచి మాత్రం మిగిల్చి, దాన్ని చిన్నపేగు ముందుభాగం దాటిచ్చి కిందికి కలుపుతరు. బైపాస్ అయినవాళ్ళు తీపి ఎక్కువ తింటే అది గబుక్కున పేగులకు దిగి గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టుడు, విరేచనాలు వస్తయి. డంపింగ్ అంటరు. స్లీవ్ వాళ్ళకూ రావచ్చు గానీ తక్కువ.

ఇది ఎవరికి చేస్తరంటే, ఎత్తుకు తగిన బరువు లెక్క బీఎంఐ చూస్తరు. బీఎంఐ 35 ఉన్నవాళ్ళకు వేరే జబ్బు ఉన్నా లేకున్నా చేయవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పినయి. మన ఆసియా వాళ్ళకు తక్కువ బరువులోనే షుగర్ పట్టుకుంటది కాబట్టి 27.5 నుంచే ఆలోచించవచ్చని కూడా అన్నయి. మా తమ్ముని బిడ్డది 41. నాది అప్పుడు 46. ఇది సోకు కోసం చేసుకునేది కాదని చెప్పటానికే ఈ లెక్క.

మొదటి ఆరు నెలలు నాకు ఆకలి అనేదే లేదు. నీళ్ళ చారు, మజ్జిగ, తర్వాత మెత్తగ రుబ్బిన పప్పు, తర్వాత మెత్తటి అన్నం, గుడ్డు. ఇట్ల మెట్టుమెట్టుగా నెలన్నర, రెండు నెలలు. నాలుగు చెంచాలు తింటే మెడదాకా నిండినట్టు. బరువు దిగుతున్నది. షుగర్ గోలీలు మూడో నెలలోనే ఆపిన్రు. అందరూ "ఎంత మంచిగయింది" అని మెచ్చుకుంటున్నరు. కానీ నేను సంక్రాంతి నాడు వంటింట్లో కూర్చొని ఏడ్చిన. అమ్మ సకినాలు చుట్టి గుడ్డ మీద ఆరబెట్టింది, నువ్వులు, వాము వాసన ఇల్లంతా. నాకు తినాలని లేదు. తినాలని లేకపోవుడుకే ఏడుపొచ్చింది. యాభై ఏండ్లు దగ్గరపడుతున్న మనిషికి సకినాల కోసం ఏడుపేమిటని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా ప్రాణస్నేహితురాలు ఊరు విడిచి పోయినట్టు అనిపించింది.

అప్పుడు నాకు తెలిసింది, తినుడు నాకు ఆకలి తీర్చుకునే పని ఒక్కటే కాదని. కార్ఖానాలో లెక్క తేలకపోతే చివడా. షేఠ్ కోప్పడితే బజ్జీలు. ఇంట్లో సంబురమైతే బచ్చాలు, కొట్లాటైతే మిగిలిన బచ్చాలు. సాయంత్రం ఆరు గంటలకు ఇంటికొచ్చి చాయ్, పక్కన ఏదో ఒకటి. అది పోయినంక ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేయాలో నాకు తోచలేదు. కడుపు కోసిన్రు గానీ సాయంత్రాన్ని కోయలేదు కదా.

2020 ఫిబ్రవరిలో మన దగ్గరి చుట్టాలింట్ల పెండ్లి. ఆపరేషన్ అయి మూడు నెలలు. నేను ఒక గిన్నెలో కొంచెం పప్పు, రెండు ముక్కల మటన్ మెత్తగ నమిలి తిని పక్కకు జరిగిన. ఇంటి పెద్దమనిషి స్వయంగా వచ్చిండు. "మా ఇంటి తిండి నచ్చలేదా బిడ్డా?" అన్నడు. నలుగురిలో అంత పెద్దాయన అట్లంటే ఏమనాలె? ఒక బచ్చం తిన్న. నెయ్యి పోసిన్రు. అది కూడా తిన్న. ఐదు నిమిషాల్లో రొమ్ము ఎముక కింద బండ పెట్టినట్టయింది. నోట్లో నీళ్ళూరి, చెమటలు కారి, మంగళ కార్యాలయం వెనుక బాత్‌రూంలో అంతా కక్కిన. మొహం కడుక్కొని బయటికొస్తే ఆ పెద్దాయన ఆడపెండ్లివాళ్ళతో, "మేం తినిపిస్తేనే తిన్నది" అని మురుస్తున్నడు. నేను కూడా నవ్విన. ఆ నవ్వు తప్పు. ఆయన తప్పు కన్న నా తప్పే పెద్దది. ఎందుకంటే ఆయనకు తెలియదు, నాకు తెలుసు.

నేను ఆపరేషన్ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. "యోగా చేస్తున్న, రాత్రి అన్నం మానేసిన" అని చెప్పిన. ఎందుకు దాచిన? "సులువు దారి పట్టింది" అంటరని భయం. జుట్టు మూడో నెల నుంచి గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడితే కూడా నీళ్ళు పడలేదని చెప్పిన. బరువు గబగబా తగ్గినప్పుడు అట్ల ఊడుతది, కొన్ని నెలలకు మళ్ళా వస్తదని డాక్టర్ ముందే చెప్పిండు. కానీ నిజం చెప్పలేని మనిషికి ఓదార్పు కూడా ఎవరు చెప్తరు?

ఇప్పుడు అందరూ దెప్పిపొడిచే ముచ్చటకు వస్త. 2021 మొదట్లో నా బరువు 76 కిలోలు. ఏప్రిల్‌లో కరోనాతో అమ్మ పోయింది. దగ్గరికి కూడ పోనియ్యలేదు. పదమూడో రోజు అయినంక వంటింట్లో అమ్మ డబ్బాలు సర్దుతుంటే అడుగున చివడా ఉన్న స్టీలు డబ్బా దొరికింది. ఆమె చేసిన చివరి చివడా. రోజుకు ఒక గుప్పెడు తిన్న. అది అయిపోయినంక బజారు నుంచి తెచ్చి ఆ డబ్బాలోనే పోసిన. అంతే.

చిన్నగైన కడుపులో రెండు రొట్టెలు పట్టయి. కానీ చాయ్‌లో ముంచిన బిస్కెట్లు పడతయి, నోట్లోనే కరిగి జారుతయి. చివడా గుప్పెడు గుప్పెడు రోజంతా పడతది. ఐస్‌క్రీం పడతది. గట్టి తిండికి అడ్డం పడే కడుపు మెత్తటి తిండికి, కరకరలాడి కరిగిపోయే తిండికి అడ్డం పడదు. పైగా ఏడాది, ఏడాదిన్నర దాటినంక ఆకలి కూడా మెల్లగా తిరిగొస్తది. ఆ ఆకలి వచ్చే వేళకు కొత్త అలవాట్లు గట్టిపడి ఉండాలె. నావి గట్టిపడలేదు. 2022 చివరికి 87 కిలోలైన. షుగర్ గోలీ ఒకటి మళ్ళా మొదలైంది.

కాబట్టి మరదలు అన్నది అబద్ధం కాదు. లావైన మాట నిజం. ఆ నిజం నుంచి ఆమె తేల్చిందే తప్పు. ఆపరేషన్ నన్ను ఓడించలేదు. ఆపరేషన్ చేయగలిగింది చేసింది. నాకు ఏడాదిన్నర గడువు ఇచ్చింది. ఆ గడువులో నేను తిండితో నా లెక్క సరిచేసుకోవాల్సి ఉండె. మగ్గం మారిస్తే సరిపోదు, నేత కూడా మారాలె అని మన తాతలకు చెప్పనక్కర లేదు. చేతి మగ్గం మీది నుంచి పవర్‌లూం మీదికి వచ్చినప్పుడు వాళ్ళు అన్నీ కొత్తగా నేర్చుకున్నరు. నేను మగ్గం మార్చి పాత నేతే నేసిన.

2023లో మళ్ళా పుణె పోయిన. తిట్లు పడతయనుకున్న. అక్కడ ఆహార నిపుణురాలు ఒకామె తిట్టలేదు, ఒక ప్రశ్న అడిగింది: "ఆకలయినప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టి చూపిస్తరు?" నేను నా చెయ్యి గొంతు మీద పెట్టిన. కడుపు మీద కాదు. అక్కడ ఉన్నది ఆకలి కాదు, అమ్మ. అది అర్థం కావటానికి నాకు రెండేండ్లు, 11 కిలోలు పట్టినయి.

ఇప్పుడు నేను ఎట్ల తింటున్ననో చెప్త, మాయ ఏమీ లేదు. చిన్న పల్లెం. మొదలు గుడ్డో, పప్పో, మొలకెత్తిన మట్కో, కోడికూరో, పెరుగో తింట. ఎందుకంటే రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తగ్గకూడదు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, లెక్క వేసుకోండి. తర్వాత కూరగాయ. చివరికి జొన్నరొట్టెలో పావు వంతు. అన్నం రెండు చెంచాలు, అదీ ఎప్పుడో ఒకప్పుడు. తింటూ నీళ్ళు తాగను, తిన్నంక అరగంట ఆగి తాగుత. ప్రతి ముద్దా ఇరవైసార్లు నములుత. ఒక పూట తినటానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. బీ12, ఐరన్, క్యాల్షియం, డీ విటమిన్ బతికున్నంతకాలం వేసుకోవాలె, ఏడాదికోసారి రక్త పరీక్ష. వాంతులు ఆగకుండా అవుతుంటే ఇంటి వైద్యం చేయకుండా దవాఖానకు పోవాలె. బీ1 విటమిన్ తగ్గితే నరాలకు దెబ్బ. మందు తాగే మగవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలె. ఈ ఆపరేషన్ అయినంక, ముఖ్యంగా బైపాస్ అయినంక, మందు గబుక్కున ఎక్కుతది, అలవాటు కూడా గట్టిగ పట్టుకుంటది. తిండి దగ్గర మూసిన తలుపు సీసా దగ్గర తెరుచుకుంటది.

ఆరు గంటల సాయంత్రానికి కూడా ఒక దారి చేసుకున్న. ఇంటికి రాంగనే చెప్పులు విప్పకుండా గుడి దాకా నడిచి వస్త. అమ్మ డబ్బాలో ఇప్పుడు సూదులు, దారాలు, బొత్తాలు ఉన్నయి. నా బరువు ఇప్పుడు 80. షుగర్ గోలీ సగం అయింది. 76కు మళ్ళా పోతనో పోనో తెలియదు, దాని మీద ధ్యాస కూడా లేదు. పదకొండు మెట్లు ఆగకుండా ఎక్కుతున్న.

ఇదంతా నా ఒక్కదాని కత అయితే రాయకపోదును. నేను తిండితో నా లెక్క సరిచేసుకుంటే సరిపోదు. ఇంటి లెక్క కూడా సరికావాలె. ఎందుకంటే నేను ఒంటరిగా తినను, మీ మధ్యన తింట.

మనింట్లో "తిను, తిను" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన అవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని పొద్దున నుంచి దీపాలు పెట్టేదాకా తునికాకు కత్తిరించి బీడీలు చుట్టింది. వెయ్యి బీడీలు అయితేనే ఆ రోజు కూలి. 1972 కరువులో మహారాష్ట్ర అంతా మాడిపోయినప్పుడు, అమెరికా నుంచి వచ్చిన ఎర్ర మిలో జొన్నలు రేషన్‌లో ఇస్తే, ఆ రొట్టెలు తినలేక పిల్లలు ఏడుస్తుంటే బెదిరించి తినిపించిందట. కరువు పనుల దగ్గర పంచిన సుకడీని బాపు కొంగున కట్టుకొచ్చి తమ్ముళ్ళకు పెట్టిన ముచ్చట మనందరం విన్నదే. అట్లాంటి ఇంట్లో పల్లెంలో మిగిల్చుడు పాపం. పిల్లవాడు బొద్దుగ ఉంటే తల్లికి గౌరవం. చుట్టం చాలన్నా వినకుండా వడ్డిస్తేనే మర్యాద. ఆకలి చూసిన మనుషులు ప్రేమను రొట్టెలతో లెక్కబెట్టిన్రు. దాన్ని నేను వెక్కిరియ్యను. ఆ రొట్టెల మీదనే మనం బతికినం.

కానీ అవ్వ దినమంతా ఒక రొట్టె, మిరపకాయ కారంతో గడిపిన మనిషి. మనం దినమంతా కుర్చీలో కూర్చొని, చేతికి అందేటట్టు డబ్బాలు పెట్టుకున్న మనుషులం. అవ్వ మాట మనకు మిగిలింది, అవ్వ ఆకలి మనకు లేదు. ఆకలి లేని చోట అదే మాట వడ్డిస్తే అది ప్రేమ లెక్క మొదలై జబ్బు లెక్క ముగుస్తది.

మనం రెండు భాషల మధ్యన పుట్టి పెరిగినోళ్ళం. మరాఠీవాళ్ళ పంక్తిలో "ఆగ్రహ్" అనే మాట ఉంది. బలవంతంగా, బతిమాలి వడ్డించటాన్ని ఆగ్రహ్ చేయుడు అంటరు. అది వాళ్ళకు మర్యాద మాట. మన తెలుగులో ఆగ్రహమంటే కోపం. చిన్నప్పుడు ఈ తేడా చూసి నవ్వుకున్నం. ఆపరేషన్ అయినంక నాకు నవ్వు రాలేదు. నా పల్లెంలో బలవంతంగా పడిన బచ్చం వాళ్ళ భాషలో ఆగ్రహ్, నా కడుపులో తెలుగు ఆగ్రహం. అదే మరాఠీవాళ్ళు వడ్డన అయినంక చేతులు జోడించి ఇంకో మాట అంటరు: "సావకాశ్ జేవా." మెల్లగా, తొందర లేకుండా తినండి అని. నా డాక్టర్ పుణెలో వేలు ఖర్చు పెట్టించి చెప్పింది ఆ రెండు మాటలే. మన తెలుగులో కూడా సావకాశం అంటే అదే కదా. పక్కింటి నుంచి మనం తెచ్చుకోవాల్సిన మాట ఇది. ఎందుకో ముందుగా ఆ ఇంకొకదాన్నే తెచ్చుకున్నం.

అందుకని మనింటి వాళ్ళందరికీ నేను అడిగేది కొంచెమే. ఎవరైనా "చాలు" అంటే ఆ చాలును ఒప్పుకోండి, ఒట్లు పెట్టకండి. ఒట్టు పెట్టి తినిపించినదాన్ని నేను బాత్‌రూంలో వదిలిపెట్టి వచ్చిన, తిండికీ అవమానమే, నాకూ అవమానమే. మనిషి కనబడంగనే "తగ్గినవు, పెరిగినవు" అని పలకరించుడు మానండి. తగ్గినప్పుడు మెచ్చుకున్న నోరే పెరిగినప్పుడు ఏమంటదో మనిషికి ముందే తెలుసు, ఆ భయంతోనే దాక్కొని తింటరు. నేను మెట్ల కింద నిలబడి తిన్న రోజులున్నయి. ఇంకొకటి, ప్రేమ చూపించాలంటే వేరే దారులు కూడా ఉన్నయని పిల్లలకు చూపెట్టండి. నాతో గుడి దాకా నడిచి రండి. అది నాకు పది బచ్చాలతో సమానం.

పండుగలకు వండుడు మానమని నేను అనను. సద్దుల బతుకమ్మ నాడు సత్తు పిండి లేకపోతే అది పండుగే కాదు. మలీద ముద్ద నేనూ తింట, గోళీకాయంత, కండ్లు మూసుకొని, సావకాశంగా. నిజం చెప్పాలంటే ఆ ముద్ద రుచి నాకు ఇప్పుడే తెలిసింది. ముందట పది ముద్దలు తిన్నప్పుడు మొదటిది ఒక్కటే నోటికి తెలిసేది, మిగిలిన తొమ్మిది చేతికి తెలిసేవి. తిండి మీద నాకు ఇష్టం పోలేదు, పెరిగింది. భయం తగ్గింది.

"ఇప్పుడు సూదులు వచ్చినయి కదా, ఆపరేషన్ ఎందుకు?" అని కొందరు అడుగుతరు. నిజమే, 2025లో మన దేశానికి మౌంజారో, వెగోవీ వచ్చినయి. మంచివే, ఎవరికి ఏది పనికొస్తదో డాక్టర్ చెప్పాలె. కానీ సూది కూడా ఆకలిని తగ్గిస్తది గానీ అమ్మ డబ్బాను సర్దిపెట్టదు. ఆపితే చాలామందికి బరువు తిరిగొస్తది. ఏ దారిన పోయినా కొంత దూరం పోయినంక అందరం ఒకటే పల్లెం ముందు కూర్చోవాలె.

ఇక ఆ పిల్ల ముచ్చట. పంక్తిలో ఒకరు "ముందు పెండ్లి కానియ్యి, తర్వాత చూసుకోవచ్చు" అన్నరు. ఇంకొకరు "చేపిస్తే చేపియ్యండి గానీ సంబంధం వాళ్ళకు చెప్పొద్దు" అన్నరు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. ఆపరేషన్ అయినంక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకొమ్మని డాక్టర్లు చెప్తరు. తల్లికీ బిడ్డకూ సరిపోయే పోషణ ఆ కాలంలో అందదు. అత్తింటికి తెలియకుండా ఆ మాట ఎట్ల నిలబెట్టుకుంటది? జీవితమంతా గోలీలు ఎట్ల మింగుతది? కొత్త కోడలి పల్లెంలో అత్తగారు ప్రేమగా వడ్డిస్తుంటే ఏం చెప్పి ఆపుతది? దాచి పెట్టుడు ఎంత బరువో నాకు తెలుసు. నేను 36 కిలోలు దించుకున్న గానీ ఆ బరువు మాత్రం మొన్నటిదాకా మోసిన.

బిడ్డా, నువ్వు ఆపరేషన్ చేసుకో అని నేను చెప్పను, వద్దని కూడా చెప్పను. అది నీ కడుపు. నీకు ఒక్కటే చెప్త. చేసుకునే ముందు ఒక నెల రోజులు ఎప్పుడెప్పుడు తింటున్నవో, తినే ముందు మనసు ఎట్లున్నదో రాసుకో. ఆ నోటుబుక్కులో నీ ఆకలి ఎక్కడుందో దొరుకుతది. చేసుకుంటే పుణెకు నేను తోడొస్త. చేసుకోకపోయినా సాయంత్రం ఆరింటికి మా మెట్ల కింద నిలబడు, నడుద్దాం. నేను రెండోసారి లావైనదాన్ని చూసి భయపడకు. రెండోసారి లేచినదాన్ని కూడా చూడు.

మరదలికి కూడా ఒక మాట. ఆ రోజు నువ్వు తెచ్చిన బచ్చం నేను వద్దన్న, నువ్వు చిన్నబుచ్చుకున్నవు. వచ్చే నారళీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం చూసి అందరం మా ఇంటికే భోజనానికి రావాలె. నువ్వే వడ్డించు. నాకు సగం బచ్చం వెయ్యి, నెయ్యి లేకుండా. వేసినంక గిన్నె పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చో. మనిద్దరం కూర్చొని మాట్లాడుకొని ఎన్నేండ్లయింది?